సీబీటీ (ఆలోచననూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స) ప్లాన్ రాయడం, 5వ పాఠం: జేబులో మాత్రతో నిచ్చెన ఎక్కిస్తే

పోయిన పాఠంలోని కేసు తెలిసిందే. గుంటూరులో ఇల్లు, బెజవాడలో గుమాస్తా ఉద్యోగం, వయసు 34. మూడు నెలల కిందట నాన్‌స్టాప్ బస్సు మంగళగిరి దాటాక గుండెదడ, ఊపిరాడనట్టు, వేళ్లకు తిమ్మిర్లు. గుండెపోటే అనుకుని బస్సు ఆపించి దిగిపోయాడు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష రెండూ నార్మల్. అప్పట్నుంచి ఊరూరా ఆగే బస్సులోనే ప్రయాణం, అదీ తలుపు పక్క సీటు దొరికితేనే.

దీనికి వలయం, అంటే భయం తనను తానే పెంచుకునే తీరు, గీయమంటే మీలో ఎక్కువమంది 'బస్సు, ఆందోళన, తప్పించుకోవడం' అని మూడు గుండ్రాలు గీసి పంపారు. అసలు ముడి అందులో లేదు. 1986లో సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ పానిక్‌కు (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయానికి) చెప్పిన వలయం ఇది: ఒంట్లో చిన్న మార్పు, దానికి ప్రాణం పోతుందన్న అర్థం, ఆ అర్థం వల్ల భయం, భయం వల్ల ఇంకాస్త దడ. ఆ 'అర్థం' గుండ్రంలో 'నెగెటివ్ థింకింగ్' అని రాసినవాళ్లు దాన్ని కొట్టేసి, క్లయింట్ అన్న మాటే రాయండి: 'దడ ఇలాగే ఉంటే గుండె ఆగిపోద్ది.' ఈ మాట నిజమో కాదో బస్సులో తేల్చుకోవచ్చు. 'నెగెటివ్ థింకింగ్'ను ఏ బస్సులో తేలుస్తారు?

ఇక ప్లాన్. వారానికొకటి చొప్పున 12 సెషన్లు, ఒక్కోటి 50 నిమిషాలు. అజెండా, హోంవర్క్ సమీక్ష గురించి మళ్లీ చెప్పను. కొలతకు జీఏడీ-7 అనే ఆందోళన ప్రశ్నపత్రం వాడండి, తప్పులేదు (మొత్తం 21, పది గానీ ఆపైన గానీ వస్తే పట్టించుకోవాలి). కానీ ఈ కేసులో వారానికి ఎన్ని పానిక్ అటాక్‌లు, ఎన్నిసార్లు నాన్‌స్టాప్ ఎక్కాడు అన్న రెండు అంకెలే ఎక్కువ పనికొస్తాయి. మొదటి రెండు సెషన్లలో వలయం. మూడు, నాలుగుల్లో ఒంటి లక్షణాలను కావాలని తెప్పించడం: ఒక నిమిషం వేగంగా ఊపిరి, ఒక నిమిషం కుర్చీలో గిరగిర, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం శ్వాస. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ, గర్భం ఉంటే డాక్టర్ని అడక్కుండా వీటి జోలికి వెళ్లొద్దు. అయిదు నుంచి పది దాకా నిచ్చెన, అంటే తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి ఒక్కో మెట్టూ ఎక్కించడం; చివరి రెండూ భయం తిరగబెడితే ఏం చేయాలో రాసుకోవడానికి.

నిచ్చెన మెట్లకు 0 నుంచి 100 దాకా భయం అంకె వేయించండి. ఆగి ఉన్న బస్సులో పది నిమిషాలు: 25. ఆర్డినరీలో మధ్య సీటు: 45. నాన్‌స్టాప్‌లో తలుపు పక్కన: 65. నాన్‌స్టాప్‌లో వెనక కిటికీ సీటు, సాయంత్రం రద్దీలో: 90.

చాలామంది ఇక్కడిదాకా బాగానే రాశారు, ఆ తర్వాతే బోల్తాపడ్డారు. ప్రతి మెట్టు పక్కనా 'దీర్ఘశ్వాస తీసుకుంటూ' అని చేర్చారు. అవి మెట్లు కావు, ఊతకర్రలు. అతను వెనక సీట్లో కూర్చుని బెజవాడ చేరతాడు, భయం 80 నుంచి 30కి దిగుతుంది, మీరు సంతోషిస్తారు. 'గుండె ఆగిపోద్దని ఇప్పుడెంత నమ్ముతున్నావు?' అని అడగండి. 'తొంభై శాతమండీ, ఊపిరి సరిగ్గా పట్టాను కాబట్టి బయటపడ్డా' అంటాడు. ప్రయాణం అయింది, పాఠం అవలేదు.

ఊతకర్ర చేసే పనిని బట్టి తెలుస్తుంది, రూపాన్ని బట్టి కాదు. ఎండాకాలంలో నీళ్లసీసా అందరూ పట్టుకెళ్తారు. దడ రాగానే గుక్క తాగకపోతే పోతానని పట్టుకెళ్తే అది ఊతకర్ర. రోజూ పొద్దున చదివే హనుమాన్ చాలీసాను ముట్టుకోకండి. వారధి కనబడగానే దడ ఆపడానికి మొదలెట్టేదైతే లెక్కలోకి వస్తుంది. భార్యకు ఫోన్ చేసి లైన్లోనే ఉంచడం, నాడి పట్టుకుని చూసుకోవడం, కండక్టర్ కనబడే సీటు, సోడా, అమృతాంజనం, అన్నిటికీ ఒకటే ప్రశ్న: 'ఇది లేకపోతే ఏమవుద్దనుకుంటున్నావు?' జవాబులో చావు వస్తే రాసుకోండి.

అన్నిటికన్నా మొండిది జేబులో పెట్టుకున్న భయం తగ్గించే మాత్ర. వేసుకోకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. మానెయ్యమని మీరు చెప్పకూడదు. రోజూ వేసుకునే మందైతే హఠాత్తుగా ఆపడం ప్రమాదం కూడా. రాసిచ్చిన సైకియాట్రిస్టుతో మాట్లాడి, అవసరానికని ఇచ్చిన మాత్రే అయితే, ఆయన సరేనంటే ముందు జేబులోంచి సంచిలోకి, తర్వాత ఆ సంచిని బస్సు పైఅరలోకి, ఆఖరికి మాత్ర ఇంట్లోనే. ఇవీ మెట్లే, వీటికీ అంకెలు వేయించండి. ఊతకర్రలన్నీ ఒక్కరోజే లాగేస్తే క్లయింట్ తర్వాతి సెషన్‌కు రాడు. వారానికి ఒకటీ రెండూ చాలు.

అభ్యాసం: పండగ రద్దీలో బెజవాడ బీసెంట్ రోడ్డులో కళ్లు తిరిగి పడిపోతానని భయపడే 41 ఏళ్ల గృహిణి. వెంట ఎప్పుడూ కూతురు, చేతిలో గ్లూకోజు పొట్లం. ఎనిమిది మెట్లు రాయండి. ప్రతి మెట్టుకూ వెళ్లేముందు ఆమె చెప్పే జోస్యం, దాన్ని నమ్మే శాతం, ఆ రోజు వదిలే ఊతకర్ర, తిరిగొచ్చాక మీరు అడిగే ప్రశ్న ఉండాలి. కూతుర్ని ఏ మెట్టులో ఇంటి దగ్గర వదలాలో, అంతకు ముందు మెట్టులోనే ఎందుకు కాదో రెండు వాక్యాల్లో చెప్పండి. దీర్ఘశ్వాస కనబడితే తిప్పి పంపుతాను.