వాడని పికప్ గుంతకు మూత చేసే ముందు

ఎలక్ట్రిక్ గిటార్‌లో నెక్ వైపు పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం) తీసేస్తే మిగిలే గుంత చూడ్డానికి బాగోదు, దుమ్మూ చేరుతుంది. మూత చేసుకోవడం పెద్ద పనేం కాదు. కాకపోతే మూత చెడితే ఇంకో ముక్క కోసుకోవచ్చు, బాడీ మీద పెయింట్ పెచ్చు లేస్తే మాత్రం కర్నూలులో దాన్ని సరిచేసేవాళ్ల కోసం తిరగాలి. అందుకే కోసినా, డ్రిల్ చేసినా, రుద్దినా అంతా మూత మీదే, గిటార్‌కి దూరంగా చేయండి.

ముందు షీటు సంగతి. సైన్‌బోర్డులు చేసే షాపుల్లో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్క అడగండి, అరచేతంత చాలు. అక్కడే లేజర్‌తో కోయిస్తే అది యాక్రిలికేనా అని ఒకటికి రెండుసార్లు అడగండి. పీవీసీ షీటుని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు చేటు. త్రీడీ ప్రింట్ చేయిస్తే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో మన ఎండకు ఆపిన కారులో గిటార్ ఉంచితే మూత వంకర పోతుంది.

గుంత మీద కాగితం పరిచి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దితే అంచు అచ్చుగా పడుతుంది. చుట్టూ 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, అదే సైజులో ముందు అట్టముక్క కత్తిరించి చూడండి. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కినప్పుడు కింద 3 మిల్లీమీటర్ల మూతకీ, స్క్రూ తలకీ చోటుందా? ఉంటేనే కోతకు దిగండి. పాత పికప్ రింగ్ (పికప్ చుట్టూ ఉండే చట్రం) స్క్రూ రంధ్రాలుంటే వాటికే సరిపోయేలా మూత చేయండి. బాడీలో కొత్త రంధ్రం పెట్టకండి, ఈ మాట గట్టిగానే చెబుతున్నా.

కోసేటప్పుడు షీటు మీద గీతలు పడకుండా అంటించి ఉండే పొర తీయకండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. జిగ్‌సా వేగంగా తిప్పితే యాక్రిలిక్ కరిగి కోసినచోటే మళ్లీ అతుక్కుంటుంది, హ్యాక్సా బ్లేడుతో నిదానంగా కోయడమే మేలు. డ్రిల్ చేసేటప్పుడు కింద చెక్క పెట్టి, సన్న బిట్‌తో మొదలుపెట్టండి. రంధ్రం స్క్రూ కన్నా కాస్త వదులుగా ఉండాలి, ఎండకు షీటు సాగుతుంది, బిగుతుగా ఉంటే పగులుతుంది. అంచు రుద్దడానికి నున్నటి కడప బండ మీద నీళ్ల కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, తడిపి రుద్దండి. దుమ్ము లేవదు, అంచు సాపుగా వస్తుంది. తర్వాత థిన్నర్‌తోగానీ స్పిరిట్‌తోగానీ తుడవకండి, సన్న పగుళ్లు వస్తాయి. స్టీల్ ఊల్ అసలు గిటార్ దగ్గరికే తేవొద్దు, దాని పొడి మిగతా పికప్‌ల అయస్కాంతానికి అంటుకుంటే వదలదు.

వైరింగ్ దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. ఆంప్ వైరు తీసేశాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి, బాడీ మీద మందపాటి గుడ్డ కప్పండి. తీసేసిన పికప్ హాట్ వైరు (సిగ్నల్ మోసే వైరు) కొస గుంతలో వదిలేసి ఉంటే దానికి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) వేయండి. అది గ్రౌండ్ వైరుకో, గుంతలో అంటించిన రాగి టేపుకో తగిలితే స్విచ్ ఆ పికప్ వైపు ఉన్నంతసేపు శబ్దం రాదు. బ్రిడ్జ్‌కి (బాడీ మీద తీగలు ఆనే ముక్కకి) వెళ్లే గ్రౌండ్ వైరు మాత్రం కత్తిరించొద్దు, దాన్ని తెంపితే తీగలు ముట్టుకున్నా హమ్ (గుయ్‌మనే మోత) తగ్గదు.

ఆఖర్న స్క్రూలు చేత్తోనే తిప్పండి, డ్రిల్ గన్‌తో వద్దు. తల మూతకు ఆనగానే ఆపేయండి. ఆంప్‌కి కలిపి, స్విచ్‌ని అన్ని వైపులా మార్చి వినండి.