శిశువుకు నీరు పట్టినప్పుడు తల్లి సంరక్షణ – 7వ పాఠం: పీసీవీ పడిపోతే అది రక్తహీనతేనా?

ఈ వారం కాన్పు గది పని మొదలుపెట్టాలి. పోయిన పాఠం చివర ఒక చార్టు ఇచ్చి, ఈమెకు ఏం చేస్తారో రాయమన్నాను. వచ్చిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు.

చార్టు మళ్లీ తీయండి. 32 వారాల గర్భిణి. స్కానులో శిశువు పొట్టలోను, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, ఉమ్మనీరు ఎక్కువ, మాయ మందం 7 సెం.మీ. చేరిన రోజు బరువు 62 కిలోలు, బీపీ 124/78, హిమోగ్లోబిన్ 11, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) 33 శాతం. నాలుగో రోజు బరువు 65.8, బీపీ 142/92, మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్‌లు, హిమోగ్లోబిన్ 8.6, పీసీవీ 26, మూత్రం గంటకు 25 మి.లీ., ఆక్సిజన్ 98 నుంచి 95కి. రక్తస్రావం లేదు.

ఎక్కువమంది రాసింది: రెండు యూనిట్ల రక్తం, మూత్రం తగ్గింది కాబట్టి ఒక లీటరు ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్). ఈమెకు అవి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు నింపినట్టే.

చారులో రెండు గ్లాసుల నీళ్లు పోస్తే పల్చనవుతుంది. పప్పు ఎక్కడికీ పోలేదు, గిన్నెలో నీళ్లు పెరిగాయి. ఇక్కడా అంతే. ఎర్రకణాలు అవే ఉండి నెత్తురు పరిమాణం పావు వంతుకు కాస్త పైగా పెరిగితే 33 కాస్తా 26 అవుతుంది, 33ని 1.27తో భాగించి చూడండి. మూడు రోజుల్లో 3.8 కిలోలు ఎవరికీ కొవ్వుగా పట్టవు, అది నీరే. నిజంగా నెత్తురు పోయిన మనిషికి నాడి పరుగెడుతుంది, బీపీ దిగుతుంది, బరువు పెరగదు.

దీన్ని మిర్రర్ సిండ్రోమ్ అంటారు. 1892లో స్కాట్లాండ్ వైద్యుడు బాలంటైన్ వర్ణించాడు: బిడ్డకు పట్టిన నీరే అద్దంలో బొమ్మలా తల్లి ఒంట్లోనూ కనిపిస్తుంది. బీపీ, ప్రొటీన్ చూసి ప్రీఎక్లాంప్సియా (గర్భిణులకు వచ్చే బీపీ జబ్బు) అని రాసినవాళ్లు సగం దారిలో ఉన్నారు. అందులో నెత్తురు చిక్కబడి పీసీవీ పెరగడం మామూలు, ఉమ్మనీరు తరచూ తగ్గుతుంది. ఇక్కడ రెండూ తలకిందులు. అయితే ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైములు పరీక్షకు పంపకుండా వదలొద్దు. ప్రీఎక్లాంప్సియా ముదిరి లివరు, ప్లేట్‌లెట్లు దెబ్బతినే హెల్ప్ సిండ్రోమ్‌లో ఎర్రకణాలు నిజంగానే పగులుతాయి.

ఇక చేయాల్సింది. ఆర్‌ఎల్ ఆపి కాన్యులా (నరంలో పెట్టిన గొట్టం) మాత్రం ఉంచండి, డ్యూటీ డాక్టరును పిలవండి. తలవైపు ఎత్తి, ఎడమకు వాల్చి పడుకోబెట్టండి. ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి. స్టెతస్కోపు వీపు కింది భాగంలో పెట్టి వినండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే చిటపటలు ముందు అక్కడే వినిపిస్తాయి. ఫ్రూసిమైడ్ (ఒంట్లో నీటిని మూత్రంగా పంపే మందు) ట్రేలో పెట్టుకోండి, ఇవ్వడం మాత్రం ఆర్డరు మీదే. యూరోబ్యాగ్ (మూత్రం సంచి) గంటగంటకూ చూడాలి. మూత్రం తగ్గిందని సెలైన్ బోలస్ (ఒక్కసారిగా వేగంగా ఎక్కించడం) ఇవ్వడం ఈ పేషెంటుకు అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ నడుస్తుంటే ఇంకో చిక్కు. అది కిడ్నీల గుండానే బయటికి పోవాలి. నాలుగు గంటల్లో మూత్రం 100 మి.లీ. కన్నా తగ్గితే తర్వాతి డోసు ఆపి డాక్టరుకు చెప్పాలి. మన చార్టులో గంటకు 25 అంటే సరిగ్గా గట్టు మీద ఉన్నట్టే. మోకాలి రిఫ్లెక్స్, శ్వాస లెక్క చూడకుండా సిరంజి పట్టుకోవద్దు. దానికి విరుగుడు, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., మంచం పక్కనే ఉండాలి.

వాపు కోసం అందరూ చీలమండలు నొక్కుతారు. మంచం మీదే ఉండే మనిషికి నీరు నడుము కింద చేరుతుంది, అక్కడ నొక్కండి. నేనైతే వాపుకన్నా బరువునే నమ్ముతాను: అదే కాటా, అవే బట్టలు, పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు. పీసీవీని ఎర్ర సిరాతో బరువు పక్కనే రాయండి. ఒకటి ఎక్కుతూ రెండోది దిగుతుంటే కేసు అర్థమైపోతుంది.

తల్లి తేరుకోవాలంటే బిడ్డ నీరు తగ్గాలి, లేదా కాన్పు కావాలి. కారణం బిడ్డ రక్తహీనతైతే గర్భంలోనే రక్తం ఎక్కించడం ఒక దారి. కాన్పైందని చార్టు మూసేయొద్దు. ఒంట్లోని నీరు తిరిగి రక్తనాళాల్లోకి వచ్చే రోజులవి, మూడు రోజులపాటు ఆక్సిజన్ శాతం చూసి చార్టులో రాయండి. మాయ పెద్దది, గర్భసంచి సాగిపోయింది కాబట్టి రక్తస్రావం భయం ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లకు మెథర్జిన్ (గర్భసంచిని బిగించే మందు, బీపీ పెంచుతుంది) వద్దని వేరే చెప్పనక్కర్లేదు.

అభ్యాసం: ఇదే పేషెంటుకు కాన్పు రోజు ఒకే గంటలో ఆర్‌ఎల్ 75 మి.లీ., యాంటీబయాటిక్ కలిపిన సెలైన్ 100 మి.లీ., 500 మి.లీ.లో 10 యూనిట్ల ఆక్సిటోసిన్ (గర్భసంచిని బిగించి నొప్పులు తెప్పించే మందు) నిమిషానికి 20 చుక్కలు నడుస్తున్నాయి. సెట్‌లో 20 చుక్కలు ఒక మి.లీ. గంటకు మొత్తం ఎంత ద్రవం పోతోంది? డాక్టరు గంటకు 80 మి.లీ. హద్దు పెట్టారు. ఆక్సిటోసిన్ మోతాదు ఒక్క మిల్లీయూనిట్ కూడా మారకుండా, 50 మి.లీ. సిరంజి పంపుతో ఆ హద్దులోకి తెచ్చి గంట చార్టు రాయండి. జవాబు అంకె ఒక్కటీ చాలదు, లెక్క మెట్లు కావాలి.