విదేశాల్లో ఉన్న మనవాళ్ళ దగ్గరికి వెళ్తున్నారా? ముందు రూల్స్, కాగితాలు చూసుకోండి

విదేశాల్లో ఉన్న మనవాళ్ళని చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి కోవిడ్ నాటి అనుభవంతో ఒక్క మాట. ప్రయాణానికి ఎంత ముందు కోవిడ్ టెస్ట్ చేయించుకోవాలనే లెక్క 2021లో ఒక్కో దేశానికి ఒక్కోలా ఉండేది, కెనడాకైతే 72 గంటల్లోపు, అదీ అక్కడికి డైరెక్ట్‌గా వెళ్ళే చివరి ఫ్లైట్ బయల్దేరే టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టాల్సి వచ్చేది, అమెరికాకి మొదట్లో 3 రోజులు ఉండేది, 2021 డిసెంబర్ 6 నుంచి ఒక్క రోజే చేశారు, 2022లో రెండు దేశాలూ ఆ రూల్ తీసేశాయి. అప్పట్లో లెక్కలోకొచ్చింది శాంపిల్ ఇచ్చిన టైమే, రిపోర్ట్ చేతికొచ్చిన టైమ్ కాదు.

అప్పుడు మా అమ్మని పంపేటప్పుడు టెస్ట్ రిపోర్ట్‌లో ఇంటిపేరు బదులు ఒట్టి ఇనీషియల్ పడింది, ముందురోజు రాత్రే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది, పొద్దున్నే ల్యాబ్‌కి పరిగెత్తి పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే మార్పించాం, లేకపోతే పాపం కౌంటర్ దగ్గర ఒక్కతే ఎంత కంగారు పడేదో.

ఇంకోటి, మధ్యలో ఫ్లైట్ మారే దేశం రూల్స్ కూడా చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు. అక్కడున్న మనవాళ్ళతో మీ సంబంధం చూపించే బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీలు ఫోన్‌లోనే కాకుండా ప్రింట్ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి, చెకిన్ లగేజ్‌లో వద్దు. టికెట్ కూడా డేట్ మార్చుకోవడానికి వీలున్నదే తీసుకోండి.