ఆరాధన మానలేదు, ఆనందం మాత్రం లేదు: విశ్వాసం ఎక్కడ చల్లారింది?

సమస్య

ఆదివారం మందిరానికి వెళ్తున్నాం. కానుక వేస్తున్నాం, ప్రభువు బల్లలో పాలుపొందుతున్నాం. పాట మొదలైతే పెదవులు కదులుతాయి, మనసు మాత్రం సోమవారం కట్టాల్సిన చీటీ దగ్గర ఉంటుంది. నేను ఒంగోలులో సండే స్కూల్ పాఠం చెప్తాను. ఒకరోజు ఒక పాప, "టీచర్, నిన్న మీరు దేవుడితో ఏం మాట్లాడారు?" అని అడిగింది. చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం

పాటల్లో ఊపు లేదనో, ప్రసంగంలో పస లేదనో అనుకుంటాం. కొత్త కీబోర్డు, పెద్ద సౌండ్ బాక్సులు కొంటాం. రెండు వారాలు బాగుంటుంది, మళ్లీ మామూలే. అసలు సంగతి, మన విశ్వాసం తాతలు సంపాదించి పెట్టిన ఆస్తి. దానికోసం మనం ఏమీ పోగొట్టుకోలేదు.

నెల్లూరులో 1840లో మొదలైన బాప్టిస్టు మిషన్‌ను, ఫలితం లేదని 1853లో మూసేయాలన్న మాట వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని మోకరించారు. ఐదుగురే. ఆ మిషనరీ, అమెరికన్ జాన్ క్లౌ దొర, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు! మనమూ జనవరి 1నే బైబిల్ వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం, మార్చి నాటికి అది ఏ పుస్తకంలో పెట్టామో గుర్తుండదు.

ఆ తర్వాత నమ్మినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. జాతరలో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నందుకు ఊరి పెద్దల కోపానికి గురయ్యారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఒప్పుకుని వేలమందికి కూలి చూపించారు, కానీ ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కూడు కోసం ఎవరూ రాకూడదని. అయినా జనం అడగడం మానలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆగమన్నా ఆగలేదు వాళ్లు. మనల్ని ఎవరూ ఆపడం లేదు, అయినా పది గంటల ఆరాధనకు పదిన్నరకు వెళ్తున్నాం.

అన్ని చల్లదనాలూ ఒకటి కావు. సంఘంలో ఎవరితోనైనా మాటలు ఆగిపోయి ఉంటే ముందు వెళ్లి సమాధానపడండి. నెలల తరబడి నిద్ర, ఆకలి లేక దిగులుగా ఉంటే దాన్ని విశ్వాస లోపం అనొద్దు, డాక్టర్‌కు చూపించండి. ప్రార్థన దానితోపాటు సాగనివ్వండి.

పరిష్కారం

ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: మన కుటుంబంలో మొదట నమ్మింది ఎవరు? వాళ్లకు ఏం జరిగింది? నేను మా అమ్మమ్మను అడిగాను. ఆమె ఏడుస్తూ చెప్పింది, నేను ఏడుస్తూ విన్నాను.

తర్వాత పొద్దున్నే ఒకే చోట, పైకి వినపడేలా పది నిమిషాలు ప్రార్థించండి. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) దగ్గర చూడండి. ఆకు మాగే రోజుల్లో రాత్రి కూడా ఒకరు మేలుకుని మంట చూసుకుంటారు. మోపెడు కట్టెలు ఒకేసారి వేసి ఇంటికెళ్లి పడుకుంటే ఆకు పాడవుతుంది. ఏడాదికి మూడు రోజుల ఉజ్జీవ కూటాలతో సరిపెట్టుకుంటే మన సంగతీ అంతే. మనసు రాకపోయినా కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి.

వారంలో ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి. పెద్దాసుపత్రిలో తోడు లేని రోగి దగ్గర కూర్చోవడం, చదువులో వెనకబడిన పిల్లకు లెక్కలు చెప్పడం, ఏదైనా సరే. మనకు కాస్త భారం అనిపించే పనే ఎంచుకోండి.

ఒక్కరే చేస్తే త్వరగా ఆగిపోతుంది, నాకు రెండుసార్లు ఆగిపోయింది. ఇప్పుడు మా వీధిలో శుక్రవారం పొద్దున ఐదున్నరకు నలుగురం కూర్చుంటున్నాం. కీబోర్డు లేదు. పాట ఎవరికి గుర్తొస్తే వాళ్లు ఎత్తుకుంటారు.