వెన్ను ఆపరేషన్‌కు ముందు ముప్పు తగ్గించుకోవడం ఎలా?

నడుం ఆపరేషన్ అనగానే మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ముందు వినిపించే మాట ‘కాళ్లు పడిపోతాయట’. నరం దెబ్బతినే అవకాశం లేదని ఎవరూ అనలేరు. కాకపోతే మామూలు డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్‌లో అది అరుదు. కుట్ల దగ్గర చీము పట్టడం, ఎముక అతుక్కోకపోవడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం లాంటివే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. వీటికి దారితీసే కారణాలు చాలావరకు పేషెంట్ ఒంట్లో ముందే ఉంటాయి. కాబట్టి అసలు జాగ్రత్త ఇంట్లోనే మొదలుపెట్టాలి.

1. ఇప్పుడే అవసరమా అని తేల్చుకోండి

డిస్క్ జారి కాలు లాగే నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గుతుంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలంపై అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలిలో బలం తగ్గుతూ వస్తున్నా ఆగకూడదు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే వెన్నుపూస టీబీ కావచ్చు. దానికి ముఖ్యమైన వైద్యం మందులే. ఆపరేషన్ కొందరికే పడుతుంది.

2. వాడిన మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్లలు, ఆకుమందు పొడులు కూడా. పేరు తెలియని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఎముకను బలహీనపరుస్తుంది, గాయాన్ని త్వరగా మాననివ్వదు. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. దాన్ని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు, సర్జన్ కలిసి చెబుతారు. పక్కింటాయన ఐదు రోజుల ముందు ఆపేశాడని మీరూ ఆపేయకండి.

3. కిడ్నీ సంగతి దాచొద్దు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు మొదట్లో పెద్దగా బయటపడదు. కాళ్ల వాపు ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా కనిపించదు. మూత్ర పరీక్ష బాగుందని ధీమాగా ఉండకుండా కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూపించుకోవాలి. నడుం నొప్పికని ఏళ్ల తరబడి మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఆ కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. పాడైన కిడ్నీతో పాటు రక్తహీనత వస్తుంది, ఎముక గుల్లబారుతుంది. అలాంటి ఎముకలో స్క్రూ గట్టిగా పట్టదు. మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే తెలిస్తే నొప్పి మందు, యాంటీబయాటిక్ మోతాదు మార్చుకుంటారు. తెలియకపోతే మామూలు వాళ్లకు ఇచ్చేదే ఇస్తారు.

4. చుట్ట మానేయండి

డాక్టరు ‘సిగరెట్ అలవాటుందా?’ అని అడుగుతారు. మన అమ్మమ్మల తరఫున మనవడు ‘లేదండీ’ అనేస్తాడు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఆవిడ రోజూ కాల్చే అడ్డపొగ చుట్ట ఎవరికీ గుర్తురాదు! నిప్పు నోట్లోకి పెట్టుకున్నా బయటికి పెట్టుకున్నా నికోటిన్ ఒకటే. ఖైనీ, గుట్కా కూడా అంతే. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. దాంతో గాయానికి రక్తం సరిగా అందదు, ఎముక అతుక్కోదు.

పూసలను కలిపే ఫ్యూజన్ ఆపరేషన్‌లో ఇది మరీ ముఖ్యం. స్క్రూలు, రాడ్లు స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ లాంటివి. ఎముక గట్టిపడేదాకా పట్టి ఉంచడమే వాటి పని. అది గట్టిపడకపోతే కొన్నాళ్లకు రాడ్ విరగవచ్చు, స్క్రూ వదులు కావచ్చు. కనీసం నాలుగు వారాల ముందు మానేసి, ఎముక అతికిందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పేదాకా ముట్టకూడదు. ఆ తరవాత మళ్లీ ఎందుకు మొదలుపెట్టడం అనేది వేరే సంగతి.

5. సుగర్, రక్తం, చిన్న చిన్న ఇన్ఫెక్షన్లు

మూడు నెలల సుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 దాటితే, తొందర లేని ఆపరేషన్‌ను చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు. చీము పట్టే ముప్పు పెరుగుతుంది మరి. హిమోగ్లోబిన్ తక్కువుంటే ముందే సరిచేయించుకోండి. మూత్రంలో మంట, పుచ్చుపన్ను, చర్మం మీద కురుపు ఉన్నా చెప్పండి. వయసు మళ్లిన ఆడవాళ్లకు ఎముక సాంద్రత పరీక్ష అవసరమేమో అడగండి.

6. సర్జన్‌ను ఇవి అడగండి

తగ్గేది కాలి నొప్పా, నడుం నొప్పా? డిస్క్ ఆపరేషన్‌తో కాలి నొప్పి తగ్గినంతగా నడుం నొప్పి తగ్గకపోవచ్చు. ఇది ముందే తెలిస్తే తరవాత ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అన్న టెన్షన్ ఉండదు. డిస్క్ మళ్లీ జారితే ఏం చేస్తారు? మాకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా?

7. ఇంటికొచ్చాక కనిపెట్టి ఉండాల్సినవి

విశాఖలో ఆపరేషన్ అయితే శ్రీకాకుళం రావడానికి వంద కిలోమీటర్లకు పైనే. దారిలో గంటకోసారి ఆగి నాలుగడుగులు వేయించండి. ఒక పిక్క వాచి నొప్పి పుడితే వెంటనే చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం, కుట్ల నుంచి నీళ్లలాంటి ద్రవం కారడం ఉంటే వెన్నుపాము పొర చిరిగిందేమో అని అనుమానించాలి. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, కాలిలో కొత్తగా బలహీనత, మూత్రం రాకపోవడం ఇవేవైనా కనిపిస్తే ఆపరేషన్ చేసినచోటికే ఫోన్ చేయండి. ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుని రెండ్రోజులు చూద్దాం అనుకోవద్దు.

స్క్రూలు వేసినట్టయితే డిశ్చార్జ్ కాగితంతో పాటు ఆ స్క్రూల కంపెనీ, రకం రాసిన స్టిక్కర్ అడిగి తీసుకోండి. రేపు ఇంకెక్కడైనా ఎంఆర్ఐ తీయాల్సి వస్తే ముందు అదే అడుగుతారు.