మెడ డిస్క్ సొంతంగా నేర్చుకుందాం, 3వ పాఠం: ఏ వేలు తిమ్మిరెక్కితే ఏ నరం?

పోయిన రెండు పాఠాల్లో మెడలో 7 ఎముకలు, వాటి మధ్య డిస్కులు ఎలా ఉంటాయో చూశాం కదా. ఒక్క మాట గుర్తు చేసి ముందుకెళ్తా. డిస్క్ జారింది అని అందరం అంటాం గానీ అది ఎక్కడికీ జారదండి. బూరె నూనెలో వేసినప్పుడు పైన తోపు పల్చగా ఉన్న చోట చిట్లి పూర్ణం బయటికొస్తుందే, అచ్చం అలాగే చుట్టూ ఉన్న పీచు పొర చిట్లి లోపలి గుజ్జు వెనక్కి పొడుచుకొస్తుంది, అక్కడే చేతికి వెళ్ళే నరం ఉంటుంది కాబట్టి దాన్ని నొక్కుతుంది, నొక్కడమే కాదు ఆ గుజ్జు తగిలిన చోట నరం వాస్తుంది కూడా. అందుకే జబ్బు మెడలో ఉంటే బాధ చేతిలో ఉంటుంది.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒకటే, చేతిని చూసి మెడలో ఏ నరమో పట్టుకోవడం.

ముందు లెక్క. ఎముకలు 7 అయినా మెడలో నరాల జతలు 8. ఏ డిస్క్ దగ్గర నొక్కుకుంటే దాని కింద ఎముక నంబరే మామూలుగా నరం నంబర్. 5, 6 ఎముకల మధ్య డిస్క్ పోతే 6వ నరం, 6, 7 మధ్య పోతే 7వ నరం. ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఈ రెండు చోట్లే కాబట్టి ఇవి బాగా గుర్తుంటే చాలు.

బొటనవేలు, చూపుడువేలు వైపు తిమ్మిరి, మోచెయ్యి మడిచి బకెట్ ఎత్తడం కష్టం అంటే 6వ నరం. నడిమి వేలు తిమ్మిరి, చెయ్యి చాచి గోడని తోస్తే బలం రావట్లేదు అంటే 7వది. చిటికెన వేలు తిమ్మిరి, పిడికిలి బిగుసుకోవట్లేదు అంటే 8వది. 5వ నరం అయితే వేళ్ళ దాకా రాదు, భుజం బయటి వైపు నొప్పి, చెయ్యి పక్కకి ఎత్తలేరు. అందరికీ గీత గీసినట్టు ఇలాగే ఉండదు, కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

నా సంగతి చెప్తా. నాకు ఎమ్మారై రిపోర్ట్‌లో మూడు డిస్కులు ఉబ్బాయని రాసుంటే రాత్రంతా నిద్ర పట్టలేదు, మెడ మొత్తం పాడైపోయిందనుకున్నా. పొద్దున డాక్టర్ గారు ఫిల్మ్ పక్కన పెట్టి ముందు ఏ వేలు అని అడిగారు, నడిమి వేలు అన్నా, ఆయన చేతిని తొయ్యమన్నారు, తొయ్యలేకపోయా, అప్పుడు ఫిల్మ్ తీసి ఆ ఒక్క డిస్కే చూపించి మిగతా రెండిటికీ ఈ నొప్పితో సంబంధం లేదన్నారు. వయసు పెరిగేకొద్దీ ఏ నొప్పీ లేనివాళ్ళకి కూడా ఎమ్మారైలో ఇలాంటి ఉబ్బులు కనిపిస్తాయి. చేతి లక్షణం, ఫిల్మ్ రెండూ ఒకే నరం వైపు చూపిస్తేనే అది లెక్క.

ఇంకో రెండు గుర్తులు. పైకి చూసి నొప్పి ఉన్న వైపు మెడ వంచితే చేతిలోకి జివ్వున కొడితే అది మెడ నరమే అనడానికి గట్టి ఆధారం, కానీ తల మీద ఎవరితోనూ నొక్కించకండి, ఆ పరీక్ష డాక్టరే చెయ్యాలి. అలాగే ఆ చెయ్యి నెత్తి మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, నరం లాగుడు తగ్గుతుంది కాబట్టి. అర్ధరాత్రి వేళ్ళు మొద్దుబారి లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే అది మణికట్టు దగ్గర నరం కావచ్చు, మెడ కాదు. ఎడమ చెయ్యి నొప్పితో పాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే ఈ పాఠం పక్కన పడేసి 108కి ఫోన్ చెయ్యండి.

చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే బాగా తగ్గుతుంది, బయటికొచ్చిన గుజ్జుని కూడా చాలాసార్లు ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. ఈలోపు డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు (షుగర్, బీపీ, కిడ్నీ, అల్సర్ ఉంటే ముందే చెప్పండి), కాలర్ పెట్టమంటే కొన్ని రోజులే, ఎక్కువ రోజులు పెడితే మెడ కండరాలు నీరసపడతాయి. కటింగ్ షాపులో మెడ టక్కుమని విరిపించుకోవడం మాత్రం దయచేసి మానెయ్యండి, మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

ఈ వారం హోంవర్క్: ఒక నోట్‌బుక్‌లో రోజూ ఏ వేలు, ఎంత నొప్పి, గోడ తోస్తే బలం ఎలా ఉంది అని రాయండి. నొప్పి తగ్గినా బలం తగ్గుతూ ఉంటే అది బాగవడం కాదు. చొక్కా గుండీలు, జాకెట్ హుక్కులు పెట్టుకోవడం రాకపోవడం, నడుస్తుంటే తూలడం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా నొక్కుకుంటోంది వెన్నుపాము కావచ్చు, నాలుగో పాఠం దాకా ఆగకండి, అదే రోజు న్యూరో సర్జన్ దగ్గరికో వెన్నెముక సర్జన్ దగ్గరికో వెళ్ళండి.