విలాపవాక్యములు ధ్యానించే పద్ధతి

బైబిలు పాత నిబంధనలోని విలాపవాక్యముల్లో చాలామందికి నోటికి వచ్చేవి 3వ అధ్యాయం 22, 23 వచనాలే. అనుదినమూ కొత్తగా పుట్టే దేవుని వాత్సల్యం గురించిన మాటలవి. ధ్యానం మాత్రం అక్కడ మొదలుపెట్టకండి.

ముందు రాజులు రెండవ గ్రంథం 25వ అధ్యాయం చదవండి. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించడం, నగరంలో తిండి అయిపోవడం, దేవాలయం కాలిపోవడం అందులో ఉన్నాయి. తర్వాత విలాపవాక్యములు ఐదు అధ్యాయాలూ ఒకే విడతలో పైకి చదవండి. మొత్తం 154 వచనాలే, అరగంట చాలు. రోజుకు కొంచెంగా చదివితే ఆ దుఃఖం ముక్కలైపోయి, ఓదార్పు మాటలే గుర్తుంటాయి.

రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఎవరు మాట్లాడుతున్నారో పక్కన రాయండి. మొదటి అధ్యాయం సగం వరకు చూసేవాడి గొంతే ఎక్కువ. 12వ వచనం నుంచి దాదాపుగా నగరమే విధవరాలిలా మాట్లాడుతుంది. ఆదరించేవాడు లేడన్న మాట ఆ ఒక్క అధ్యాయంలోనే ఐదుసార్లు వస్తుంది, గీత గీయండి. 2:11కి (రెండో అధ్యాయం 11వ వచనం) వచ్చేసరికి చూసేవాడే ఏడుస్తాడు. మూడో అధ్యాయంలో ఒంటరి మనిషి, ఐదులో ‘మేము’. దేవుడు నేరుగా ఎక్కడా బదులివ్వడు. 3:57లో ‘భయపడకు’ అన్న మాట కూడా బాధితుడు గుర్తు చేసుకున్నదే.

తెలుగులో కనిపించనిది ఒకటుంది. 1, 2, 4 అధ్యాయాల్లో ఒక్కో వచనం హీబ్రూ 22 అక్షరాల్లో ఒక్కోదానితో వరుసగా మొదలవుతుంది. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడు చొప్పున 66 వచనాలు. ఐదులో వచనాలు 22 ఉన్నా అక్షరక్రమం లేదు. అంత పద్ధతిగా ఏడ్చిన కవికి చివరికి ఆ పద్ధతీ చెదిరిపోయిందనిపిస్తుంది. అక్కడ తప్పక ఆగండి.

ఇప్పుడు 3:22కి రండి. 3:18లో ఆశ పోయిందన్నవాడే ఈ మాట అంటున్నాడు. 3:44లో ప్రార్థన చేరకుండా దేవుడు మేఘం కప్పుకున్నాడనేదీ అతడే. మూడూ కలిపి చదవండి. 4:10లోని ఘోరాన్నీ దాటేయవద్దు.

ఎక్కువగా జరిగే తప్పు, 1:18లోని పాపపు ఒప్పుకోలును పట్టుకుని కష్టంలో ఉన్నవాళ్లను నిందించడం. అది నగరం తన నోటితో తాను చెప్పుకున్న మాట. ఇంకొకరి మీద విసరడానికి కాదు.

గ్రంథం 5:22లో సందేహంతోనే ఆగుతుంది. దేవాలయ నాశనాన్ని తలచుకుంటూ, తమ కేలండర్‌లోని ఆబ్ నెల తొమ్మిదో నాడు చేసే ఉపవాసంలో యూదులు దీన్ని చదివి, చివర 5:21ని మళ్లీ పలుకుతారు. మీరు రెండు విధాలా చదివి చూడండి. దుఃఖంలో ఉన్నవారితో కలిసి చదువుతుంటే, ఎక్కడ ఆపాలో వాళ్లనే అడగండి.